నీళ్ళయిపోయిన కోడి మృదులాస్థి

"సంతకం పెట్టను," అంది ఆ పిల్ల. "కావాలంటే చెయ్యి విరగ్గొట్టి పెట్టించుకోండి."

ఇన్‌స్పెక్టరు కాగితాన్ని ఆమె ముందుకు తోశాడు. ఆమె వెనక్కి తోసింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను, ఆ కాగితం బల్ల మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. చివరికి అతనే విసిగిపోయి తల తిప్పాడు.

"వచ్చారా? మీరొక్కరే తక్కువయ్యారనుకుంటున్నా."

ఇతన్ని అందరూ గడియారం అంటారు. ఏ కేసు చేతికొచ్చినా ముందు గంటలూ నిమిషాలూ కూడుతాడు, మనుషుల సంగతి ఆ తర్వాత. అతని లెక్క తప్పని నేను ఇంతకుముందు ఒకటి రెండు సార్లు కోర్టులోనే తేల్చాను. అప్పట్నుంచీ నన్ను చూస్తే అతనికి ఒళ్ళు మంట. నాకు మాత్రం అతనంటే ముద్దొస్తుందా ఏమిటి?

నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. నన్ను ఈ కేసులోకి దింపింది ఆ పిల్ల తల్లి. గుండె ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రి మంచం మీద ఉంది. నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. "పెద్దది ఎలాగూ పోయింది. చిన్నదాన్నైనా నాకు మిగల్చమ్మా." సాయంత్రంలోగా ఆ చిన్నదాన్ని కోర్టులో హాజరుపరచబోతున్నారు, సొంత అక్కని చంపిందని. ఆ కబురు తల్లి చెవిన పడితే ఇద్దరు కాదు, ముగ్గురు పోతారు.

"పది నిమిషాలు మాట్లాడుకోండి," అన్నాడు గడియారం.

"నాకిష్టమైనంతసేపు మాట్లాడతాను. లేదంటే లాయర్ని వెంటబెట్టుకొస్తాను, అప్పుడు మీ సాయంత్రం కూడా ఇక్కడే తెల్లారుతుంది."

అతను మొహం మాడ్చుకుని కుర్చీ చూపించాడు. "మీకెందుకండీ శ్రమ, నేనే అరటిపండు ఒలిచినట్టు చెప్తా. పరిశోధనశాలలో కోల్డ్ రూము. అందులో ఈవిడ అక్క, డాక్టరమ్మ, తల వెనక ఇనుప స్టాండు దెబ్బ తిని పడి ఉంది. తలుపుకి బయట గడియ. గది రాత్రంతా నాలుగు డిగ్రీల్లో ఉంది, గోడకున్న గ్రాఫులో గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. అంత చలిలో రాత్రంతా పడుంటే శవం రాయిలా చల్లబడాలి కదా? మేం వెళ్ళేసరికి ఒంట్లో ఇంకా వేడి ఉంది. అంటే పొద్దున్నే, గంట గంటన్నర ముందు పోయింది. ఆ టైములో బిల్డింగులోకి వెళ్ళింది ఈ మహాతల్లి ఒక్కతే, గడియ తీసి శవం ఉందని కేక పెట్టిందీ ఈవిడే. వాచ్‌మన్ సాక్షి."

"ఒళ్ళు కొయ్యబారి ఉందని పోలీసు డాక్టరు చెప్పాడుగా. గంటన్నరకే కొయ్యబారుతుందా?"

"చలికి బిగుసుకుంది."

"బాగుంది. మీకు అక్కరకొస్తే వెచ్చగా ఉంది, అక్కరకొస్తే చలికి బిగుసుకుంది."

"ముందురోజు వరండాలో ఇద్దరూ గొంతులు చించుకుని పోట్లాడుకున్నారు. అది కూడా నేనే కల్పించానా?"

ఆ పిల్ల ఒక్కసారిగా లేచింది. "పోట్లాడుకున్నాం! పుట్టినప్పట్నుంచీ పోట్లాడుకుంటూనే ఉన్నాం. మీకు తోబుట్టువులు లేరా? ఒక పరిశోధన పేపర్లోంచి తన పేరు తీసేస్తానంది, తొందరపడకు అన్నాను. దానికి చంపుకుంటారా?"

"ఏ పేపరు?" అన్నాను.

"కోడి మృదులాస్థి పేపరే. అక్కడ మేమందరం రాసేది దాని గురించేగా." కూర్చుని కళ్ళు తుడుచుకుంది. తర్వాత నా మొహంలోకి చూసి, నేను ఎదురుచూడని ప్రశ్న వేసింది. "మేడమ్, కోల్డ్ రూములో నా బీకరు ఎవరైనా కదిపారా?"

గడియారం నుదురు కొట్టుకున్నాడు. "విన్నారా? అక్క శవం మార్చురీలో ఉంటే ఈవిడకి బీకరు బెంగ!"

"అవును, బెంగే!" అని విరుచుకుపడింది. "మా అక్క చేత్తో చేసిన ఆఖరి పని అది. ఇవాళ్టితో గడువు పూర్తవుతుంది. ఇవాళ ఉప్పు వెయ్యకపోతే పాడైపోతుంది. మీకు అక్క శవం, కేసు నంబరు. నాకు మిగిలింది ఆ బీకరే."

నా వృత్తిలో ఏడిచేవాళ్ళని రోజూ చూస్తాను, కానీ ఇలా ఏడుస్తూ తిట్టేవాళ్ళంటే నాకు బలహీనత. "ఆ ఉప్పేదో నేను వేస్తాను. ఎలాగో చెప్పు. చదువుకోనిదానికి చెప్పినట్టు చెప్పు."

ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి, పాఠం చెప్పే గొంతులోకి దిగింది. "కోడి రొమ్ము ఎముక చివర నమిలితే కరకరలాడే ముక్క ఉంటుంది చూడండి, అదే మృదులాస్థి. లేత కోడికే అలా ఉంటుంది. ముదిరితే అందులో సున్నం చేరి గట్టి ఎముకైపోతుంది. ఆ ముక్కలో చాలావరకు నీళ్ళే. ఆ నీళ్ళని పట్టి ఉంచేవి పొడుగాటి చక్కెర గొలుసులు, కాండ్రాయిటిన్ అంటాం. అది మా బావ పని. ఆ గొలుసుల చుట్టూ వలలా అల్లుకునేవి కొల్లాజెన్ తాళ్ళు. అది అక్క పని, నా పని. బిల్డింగులో మమ్మల్ని తాళ్ళ వాళ్ళు అంటారు, బావని చక్కెర డాక్టరు అంటారు."

"మరి బీకర్లో ఏముంది?"

"పులుపు నీళ్ళలో మృదులాస్థి ముక్కలు, పెప్సిన్. మన కడుపులో తిండి అరిగించే పెప్సినే. కొల్లాజెన్ తాడంటే మూడు పాయలు గట్టిగా అల్లిన జడ. జడ బిగువుగా ఉన్నంతసేపూ పెప్సిన్ దాన్ని ఏమీ చెయ్యలేదు. చుట్టూ ఉన్న చెత్త తినేసి తాళ్ళని వదిలేస్తుంది. చివర్లో ఉప్పు వేస్తే ఆ తాళ్ళు తెల్లటి దారాల్లా విడివడి కనిపిస్తాయి. ఇదంతా చలిలోనే జరగాలి. వేడి తగిలిందో, జడ విడిపోతుంది. విడిపోయిన పాయల్ని పెప్సిన్ కత్తెరలా ముక్కలు ముక్కలు చేస్తుంది. ఇక ఎంత ఉప్పు పోసినా దారం రాదు."

"ఉప్పంటే వంటింటి ఉప్పేనా?"

"అదే మేడమ్." ఆ మొహంలో మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది. "ఉప్పు కరగకుండా బీకరు అడుగున కనిపించేదాకా చెయ్యి ఆపకండి. ప్రతి బీకర్లోనూ సగం తీసి అక్క వరండా ఫ్రిజ్‌లో దాస్తుంది. ఒక్క యంత్రాన్ని నమ్ముకోదు. దానిక్కూడా వెయ్యండి."

గడియారం లేచి టోపీ పెట్టుకున్నాడు. "కోడిగుడ్డు మీద ఈకలు పీకడం మీకు అలవాటేగా. ఇవాళ కోడి ఎముక మీద పీకుతారు. పదండి, నేనూ వస్తాను. అక్కడ మీరు ఏదైనా తారుమారు చేస్తే మీ మీద కూడా కేసు రాస్తా."

"రాయండి. పెన్నుందా, ఇవ్వమంటారా?"

*

పరిశోధనశాల దగ్గర మాకు ఎదురొచ్చింది చక్కెర డాక్టరే. చనిపోయినావిడ భర్త. సన్నటి మనిషి, మెత్తటి గొంతు, నలగని చొక్కా. కళ్ళు మాత్రం ఎర్రబడి ఉన్నాయి. నన్ను చూడగానే చేతులు జోడించాడు.

"మా మరదల్ని ఎలాగైనా బయటికి తీసుకురండి మేడమ్. అత్తయ్య మొహం చూడలేకపోతున్నాను."

కోల్డ్ రూము ఒక పెద్ద అల్మరా అంత ఉంది, ముగ్గురం నిలబడితే నిండిపోయింది. మూడు వైపులా అరలు, సీసాలు. నేల మీద పోలీసులు గీసిన సుద్ద గీత. మూలన, పళ్ళెం లాంటి యంత్రం మీద ఒక గాజు బీకరు, దాని అడుగున చిన్న అయస్కాంతం మెల్లగా తిరుగుతోంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. చలికి గడియారం భుజాలు ముడుచుకున్నాడు.

"రాత్రి చివరగా వెళ్ళింది మీరేనా?" అని అడిగాను.

"నేనే. తను ఇంకా పని ఉందంది. వాచ్‌మన్‌కి చెప్పే వెళ్ళాను. మా ఇంట్లో అది మామూలే, తను పనిలో పడితే తెల్లవార్లూ ఇక్కడే." గొంతు జీరబోయింది. "వద్దంటే వినేది కాదు. ఈ చలీ, ఈ గదీ... ఇదంతా తాళ్ళ వాళ్ళ చాదస్తం. మా వైపు ఈ గోలే ఉండదు. మేం అరవై డిగ్రీల పైనే రాత్రంతా ఉడకబెడతాం. వేడికి మృదులాస్థికి ఏమీ కాదండీ."

నేను తలూపి పైకి చూశాను. చల్లబరిచే యంత్రం పక్కన ఎర్రగా ఒక మీట. "అదేమిటి?"

"మంచు పేరుకుంటే కరిగించే హీటరు. దానికొక టైమరు ఉంటుంది. అన్ని కోల్డ్ రూములకీ ఉండేదే." వాచీ చూసుకున్నాడు. "నేను స్టేషన్‌కి వెళ్ళి తనకి బట్టలు ఇచ్చి వస్తాను. అత్తయ్యకి మాటిచ్చాను. మీకేం కావాలన్నా మొహమాటపడకండి."

అతను వెళ్ళాక నేను బయటికొచ్చి తలుపు పక్కన గ్రాఫు పెట్టె చూశాను. దాన్నుంచి సన్నటి తీగ ఒకటి గోడలో రంధ్రం గుండా గదిలోకి పోతుంది, కొసలో వేడి కొలిచే ముల్లు. ముందు రోజుల గీతలన్నీ తలుపు తీసినప్పుడల్లా ఎగిరెగిరి పడ్డాయి. ఆ రాత్రిది మాత్రం మరీ బుద్ధిమంతురాలిలా ఉంది.

"చూశారుగా నాలుగు డిగ్రీలు," అన్నాడు గడియారం.

"చూశాను. పొద్దున్న వచ్చిన మీరు ఎన్నిసార్లు తలుపు తీశారో కూడా కనిపిస్తోంది. డాక్టరమ్మని కొట్టి పడేసి గడియ పెట్టినప్పుడు గానీ, పొద్దున్న చెల్లెలు తలుపు తీసినప్పుడు గానీ గీత ఉలకలేదు, పలకలేదు. ఎందుకంటారు?"

"అంటే... వెంటనే తలుపు మూసి ఉంటారు."

నీళ్ళు నమలడం అంటే ఇదే. నేను లోపల్నుంచి బీకరు పట్టుకొచ్చాను. వరండాలో, సరిగ్గా ఆ గ్రాఫు పెట్టె కిందే డాక్టరమ్మ ఫ్రిజ్ ఉంది. రెండో బీకరు అందులో ఉంది, ఆవిడ చేతిరాతతో చీటీ అంటించి.

రెండింటినీ వంచి చూశాను. ఫ్రిజ్‌లోది చిక్కగా, సాగుతూ కదిలింది. కోల్డ్ రూములోది మంచినీళ్ళలా చటుక్కున అంచుకి వచ్చేసింది.

"ఉప్పు తెప్పించండి," అన్నాను.

"నేనేమన్నా మీ వంటవాణ్ణా?"

"కాదు. వంటవాడైతే ఈపాటికి తెచ్చేవాడు."

అతను గొణుక్కుంటూ వెళ్ళి, అరలో ఉన్న ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మీద ఠకీమని పెట్టాడు. ముందు ఫ్రిజ్‌ బీకర్లోంచి కాస్త గ్లాసులోకి ఒంపి ఉప్పు వేసి కలిపాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత పాలు విరిగినట్టు మసకబారింది, ఆ మసకలోంచి తెల్లటి దారాలు పుట్టుకొచ్చి గాజు కడ్డీకి దూదిలా చుట్టుకున్నాయి. గడియారం తనకు తెలియకుండానే ముందుకు వంగాడు.

ఇక కోల్డ్ రూము బీకరు. అదే గ్లాసు కొలత, అంతే ఉప్పు. కలిపాను. మళ్ళీ వేశాను, మళ్ళీ కలిపాను. చెయ్యి నొప్పి పుట్టింది. ఒక్క పోగు రాలేదు.

"ఆ పిల్ల ఇందులో ముక్కలు వెయ్యడం మర్చిపోయి ఉంటుంది," అన్నాడు.

"ఒకే బీకరుని రెండు చేశారు సార్. ఒకదాంట్లో వేసి ఒకదాంట్లో మర్చిపోవడం కుదరదు."

"అయితే చెడిపోయింది. కోడి మాంసం చెడిపోదా?"

"నాలుగు డిగ్రీల్లో రెండూ ఉంటే ఒకటే ఎందుకు చెడిపోతుంది? రండి ఇటు."

అతను వస్తాడో రాడో చూడకుండా, దారాలొచ్చిన మంచి బీకర్లోంచి ఇంకో గ్లాసు నింపుకుని చక్కెర డాక్టరు గదిలోకి నడిచాను. అక్కడ వేడినీళ్ళ తొట్టి ఉడుకుతూనే ఉంది. గ్లాసు అందులో దించాను. గడియారం గుమ్మానికి ఆనుకుని, ఇదంతా తన పోలీసు జీవితంలో చూడాల్సి వచ్చినందుకు బాధపడుతున్నట్టు నిలబడ్డాడు. నేను పట్టించుకోలేదు. తీసి, ఐసు ముక్కల్లో చల్లార్చి, అతని చేతికే ఉప్పు డబ్బా ఇచ్చాను.

"మీరే వెయ్యండి. నేను తారుమారు చేశానని రాస్తారేమో."

వేశాడు. కలిపాడు. గ్లాసు కిటికీ వెలుగుకి ఎత్తి చూశాడు. అందులో ఏమీ లేదు, వట్టి ఉప్పునీళ్ళు.

"ఇప్పుడు చెప్పండి," అన్నాను. "రాత్రంతా నాలుగు డిగ్రీల్లో ఉన్న గదిలో ఈ జడ ఎలా విడిపోయింది?"

నాకు ఆవేశం ఆగలేదు. "ఆ గదిలో రాత్రంతా హీటరు మండింది. చిన్న గది, పెద్ద హీటరు. శవం వెచ్చగా ఉంది ఇప్పుడే చచ్చిపోయినందుకు కాదు, వేడి గదిలో ఉంచినందుకు. కొయ్యబారింది చలికి కాదు, చచ్చిపోయి చాలాసేపయినందుకు! తెల్లవారుజామున టైమరు హీటర్ని ఆపేసి మళ్ళీ చలి పెట్టింది. మీ లెక్కలో ప్రతి గంటా తప్పే."

"గ్రాఫో?" అన్నాడు. అదొక్కటే అతని చేతిలో మిగిలింది.

నేను అతన్ని ఫ్రిజ్ దగ్గరికి లాక్కుపోయినంత పని చేశాను. తలుపు తీసి, అంచున ఉన్న రబ్బరు మీద వేలితో తడిమాను. ఒకచోట సన్నటి గాడి, తీగని రాత్రంతా నొక్కిపెట్టినట్టు. గ్రాఫు తీగ మందం, ఆ గాడి మందం ఒకటే.

"తీగని రంధ్రంలోంచి బయటికి లాగి ఈ ఫ్రిజ్‌లో పెట్టారు. రాత్రంతా మీరు చూసింది ఫ్రిజ్ చలి. పొద్దున్న జనం గుంపులో ఎవరో దాన్ని మళ్ళీ లోపలికి తోసేశారు. హత్య నిన్న రాత్రే జరిగింది సార్. నిన్న సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఆ పిల్ల ఆసుపత్రిలో తల్లి మంచం పక్కనే ఉంది. వార్డు నర్సు దగ్గరుండి చూసింది. ఇంకా సంతకం కావాలా మీకు?"

గడియారం గ్లాసు బల్ల మీద పెట్టాడు. అతనికి నా మీద ఎంత మంటైనా, కళ్ళారా చూసినదాన్ని కాదనే రకం కాదు. ఆ ఒక్క గుణం వల్లే ఇన్నాళ్ళూ నేను అతనితో పోట్లాడుతున్నాను గానీ అసహ్యించుకోలేదు. ఫోన్ తీశాడు.

"ఆ పిల్లని వదిలెయ్. ఊరు దాటొద్దని చెప్పు. ఏంటి? ఎందుకా? కోల్డ్ రూములో తన బీకరు నీళ్ళయిపోయిందట, అందుకని వదిలేశామని చెప్పు. అర్థమవుతుందిలే."

పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. చిన్నది మిగిలింది. ఈ మాట వెళ్ళి ఆ తల్లికి నా నోటితోనే చెప్పాలి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

గడియారం ఫ్రిజ్ ముందు గొంతుక్కూర్చుని రబ్బరుని ఇంకా చూస్తున్నాడు. "ఒకటి చెప్పండి," అన్నాడు. గొంతులో వెటకారం లేదు. "ఇంత తెలివైనవాడు ఈ ఫ్రిజ్ తెరిచాడు. తీగ పెట్టేటప్పుడు ఈ బీకరు ఎదురుగా కనిపించింది. లోపల ఆ బీకరూ కనిపించింది. వేడికి అది చెడిపోతే దొరికిపోతానని తట్టలేదా? ఈ బిల్డింగులో పనిచేసేవాడికి ఆమాత్రం తెలియదా?"

"తాళ్ళ వాళ్ళెవరైనా అయితే ముందు ఆ బీకర్నే పారబోసేవాళ్ళు..." అంటూ మొదలుపెట్టి ఆగిపోయాను.

వేడికి మృదులాస్థికి ఏమీ కాదండీ. ఆ మెత్తటి గొంతు నా చెవిలోనే ఉంది. చక్కెర గొలుసులకి వేడి లెక్కలేదు. ఏళ్ళ తరబడి రోజూ ఉడకబెట్టే మనిషికి, చలి అంటే భార్య చాదస్తం అనుకునే మనిషికి, ఆ బీకరు వేడెక్కితే ఏమవుతుందో ఎందుకు తడుతుంది? అటువంటి మనిషి ఈ బిల్డింగులో ఒక్కడే. రాత్రి చివరగా వెళ్ళిందీ అతనే.

"ఆ పిల్లని ఎవరితో పంపారు?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అడగండి! ఎవరితో పంపారో అడగండి!"

అతను అడిగాడు. విన్నాడు. మొహం పాలిపోయింది. "వాళ్ళ బావ వచ్చి ఉన్నాడట. కార్లో ఎక్కించుకుని వెళ్ళాడు."

గెలిచానని మురిసిపోతూ, ఆ పిల్లని తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాను. గడియారం అప్పటికే మెట్ల వైపు పరుగెత్తుతూ వైర్‌లెస్‌లో కారు నంబరు అరుస్తున్నాడు. నేను వెనకే పరుగెత్తుతూ చక్కెర డాక్టరు నంబరు నొక్కాను. మోగింది. మోగింది. ఎత్తింది అతను కాదు.

"బావ బండి నడుపుతున్నాడు మేడమ్," అంది ఆ పిల్ల.

"అమ్మా, జాగ్రత్తగా విను. మొహంలో ఏమీ కనపడనివ్వకు. వాంతి వస్తోందని చెప్పి బండి ఆపించి దిగు. వెంటనే దిగు."

"దిగను మేడమ్."

"పిచ్చిపిల్లా, నీకు తెలీదు..."

"తెలుసు. బీకరు నీళ్ళయిపోయిందని కానిస్టేబులక్క చెప్పగానే తెలిసింది. తెలిసే ఎక్కాను." ఆ గొంతు వణకలేదు. స్టేషన్‌లో కాగితాన్ని వెనక్కి తోసిన గొంతే అది. "కోడి ఎముక మాట కోర్టు వినకపోవచ్చు. మనిషి నోటితో చెప్తే వింటుందిగా. స్పీకరు పెట్టాను. ఇన్‌స్పెక్టరు గారిని కూడా వినమనండి."

గడియారం మెట్ల మధ్యలో ఆగిపోయి వెనక్కి చూశాడు. నేను ఫోన్ ఇద్దరికీ మధ్య పట్టుకున్నాను.

"బావా," అంది ఆ పిల్ల. "ముదురు కోళ్ళ చక్కెరని లేత కోళ్ళదని పేపర్లో రాశావు. వయసు ముదిరేకొద్దీ ఆ గొలుసులు మారతాయి, నువ్వు రాసినవి లేతవి కావు. అందుకే అక్క తన పేరు తీసేస్తానంది. తొందరపడకు, ముందు బావని అడుగు అని దాన్ని నీ దగ్గరికి పంపింది నేనే. అడిగినందుకు చంపేశావు. కానీ ఆ తప్పు పట్టుకుంది అక్క అనుకున్నావు చూడు, అది కాదు. అక్క నీ లెక్కలు ఒక్కటి కూడా తిరగెయ్యలేదు. నిన్ను నమ్మింది. పట్టుకుంది నేను."

ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

తర్వాత ఆ మెత్తటి గొంతు, నిజంగానే ఆశ్చర్యపోయినట్టు, నెమ్మదిగా అడిగింది.

"అది నువ్వా?"

ఆ వెంటనే కారు తలుపులకు తాళాలు పడ్డాయి.